ర్యామ్ స్టిక్కర్ మీదున్న స్పీడు మీ పీసీలో వస్తోందా? ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడం నుంచి టెస్ట్ దాకా

మొన్న మా పిన్ని వాళ్ళబ్బాయి నరసరావుపేట నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, నేను కొన్నది 3200 ర్యామ్, టాస్క్ మేనేజర్‌లో చూస్తే 2133 అని ఉంది, షాపతను వేరే ర్యామ్ పెట్టి మోసం చేశాడా ఏంటి" అని ఒకటే కంగారు. పీసీ ఆపేసి సైడ్ ప్యానెల్ తీసి స్టిక్కర్ ఫోటో పంపరా అన్నా. పంపాడు. డీడీఆర్4-3200, 16-20-20-38, 1.35 వోల్టులు అని శుభ్రంగా ఉంది. మోసం ఏమీ లేదు, ఆ స్పీడు ఎవరూ ఆన్ చేయలేదు అంతే. పీసీ కొని 14 నెలలైంది, అన్నాళ్ళూ డబ్బులిచ్చి కొన్న స్పీడులో మూడో వంతు వాడకుండానే గడిచిపోయింది. ఇలాంటి పీసీలు నేను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటది, ఎందుకంటే సరిచేయడానికి పట్టేది ఐదు నిమిషాలు, ఆ తర్వాత ఒక రాత్రి టెస్టు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

ముందు ఇలా ఎందుకవుద్దో తెలుసుకుంటే మిగతాదంతా తేలిక. ప్రతి ర్యామ్ స్టిక్ మీద ఎస్‌పీడీ అని ఒక బుల్లి చిప్ ఉంటది, ఆ స్టిక్ జాతకం మొత్తం దాంట్లోనే రాసి ఉంటది. పీసీ ఆన్ చేయగానే మదర్‌బోర్డు ముందు ఆ జాతకమే చదువుద్ది. అందులో మొదటి భాగం జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్కల ప్రకారం ఉంటది, అంటే ఏ బోర్డులో పెట్టినా, ఏ ప్రాసెసర్‌తో పెట్టినా లేచి నిలబడే స్పీడు. డీడీఆర్4 అయితే 1.2 వోల్టుల మీద 2133, 2400, 2666 లాంటివి, డీడీఆర్5 అయితే 1.1 వోల్టుల మీద 4800, 5600 లాంటివి. స్టిక్కర్ మీద పెద్దక్షరాలతో ఉండేది ఇది కాదు, ర్యామ్ తయారు చేసినవాళ్ళు ఎక్కువ వోల్టేజ్ ఇచ్చి టెస్ట్ చేసి పాస్ చేసిన స్పీడు. దాన్ని అదే చిప్‌లో రెండో భాగంలో ప్రొఫైల్‌గా దాచిపెడతారు. దాని పేరే ఎక్స్‌ఎంపీ, ఇంటెల్ వాళ్ళది, 2007లో డీడీఆర్3 రోజుల్లో వచ్చింది. ఏఎండీ వాళ్ళు 2022లో రైజెన్ 7000తో పాటు డీడీఆర్5 కోసం ఎక్స్‌పో అని తమది తెచ్చారు. డీడీఆర్4 వాడే ఏఎండీ బోర్డులు కూడా ఎక్స్‌ఎంపీనే చదువుకుంటాయి, కాకపోతే ఏసుస్ ఏఎండీ బోర్డుల్లో దానికి డీఓసీపీ అని పేరుంటది, పేరు చూసి భయపడొద్దు, రెండూ ఒకటే పని.

మరి బోర్డు దానంతటదే ఎందుకు ఆన్ చేయదు అంటే, లెక్క ప్రకారం అది ఓవర్‌క్లాకింగ్. రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా ఒప్పుకునేది డీడీఆర్5-5200 వరకే, మనం కొనేది 6000. ఇంటెల్ 12400కి డీడీఆర్4 అయితే 3200, డీడీఆర్5 అయితే 4800. ఆ గీత దాటి నడిపితే ప్రాసెసర్ వారంటీ వర్తించదని ఏఎండీ రాసే పెట్టింది, ఇంటెల్ కూడా వారంటీ పోవచ్చు అనే అంటది. ఇది తెలిసి చేయండి. నా వరకు నేను స్టిక్కర్ మీదున్న 1.35 వోల్టులకి ఎప్పుడూ వెనకాడలేదు, దానికి మించి పోవాలంటే మాత్రం ఆలోచిస్తా.

లాభం ఎంత అని అడుగుతారు. లెక్క చేస్కోవచ్చు, రెండు స్టిక్‌లు డ్యూయల్ ఛానెల్‌లో (అంటే రెండూ ఒకేసారి డేటా పంపేలా) ఉంటే స్పీడుని 16తో గుణిస్తే సెకనుకి ఎన్ని మెగాబైట్లో వస్తది. 2133 దగ్గర సుమారు 34 జీబీ, 3200 దగ్గర 51 జీబీ. ఇది ర్యామ్ దారి వెడల్పు మాత్రమే, పీసీ అంతా ఒకటిన్నర రెట్లు అయిపోద్దని కాదు. బ్రౌజర్, వర్డ్ వాడేవాళ్ళకి తేడా తెలియను కూడా తెలియదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా 5600జీ, 8600జీ లాంటి ప్రాసెసర్ల మీద గేమ్స్ ఆడేవాళ్ళకైతే బాగా తెలుస్తది, ఎందుకంటే వాటికి వీడియో మెమరీ కూడా ఈ ర్యామే. కార్డు ఉన్నవాళ్ళకి మధ్యమధ్యలో గేమ్ తట్టుకుని ఆగినట్టు అయ్యే చోట్ల ఎక్కువ తేడా కనిపిస్తది.

ఇంకో లెక్క కూడా చెప్తా, కొనేటప్పుడు పనికొస్తది. సీఎల్ అంకెని (16-20-20-38 లాంటి టైమింగ్స్‌లో మొదటిది, అది 16 అయితే సీఎల్16) 2000తో గుణించి స్పీడుతో భాగించండి, ర్యామ్ జవాబు చెప్పడానికి ఎన్ని నానోసెకన్లు తీసుకుంటదో వస్తది. 3200 సీఎల్16 అంటే 10, 3600 సీఎల్18 కూడా 10, డీడీఆర్5-6000 సీఎల్30 కూడా 10. అదే 3200 సీఎల్22 అయితే 13.75. ఈ చివరిది జెడెక్ 3200, 1.2 వోల్టులది, పెట్టగానే 3200 చూపిస్తది, దానికి ఎక్స్‌ఎంపీ ఉండదు. అంటే "నాది ఏమీ చేయకుండానే 3200 వచ్చింది" అని ఎవరన్నా అంటే అది మంచి ర్యామ్ అని కాదు, వేరే రకం అని.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కండి, కింద కుడిపక్క స్పీడ్ అని ఉంటది. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ వాడితే మాత్రం అక్కడ 1600 అని చూపిస్తే గాభరా పడకండి, ర్యామ్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుద్ది, 1600 అంటే 3200 అనే అర్థం. అక్కడే ఛానెల్ డ్యూయల్ అని ఉందో లేదో చూడండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో ఉండాలి. ఒకటి, మూడులో పెట్టి ఎక్స్‌ఎంపీ నిలబడట్లేదని తలపట్టుకునేవాళ్ళు ఎంతమందో, స్లాట్ మార్చగానే దారిలోకొస్తది.

బోర్డు సంగతి కూడా చూస్కోవాలి. ఏఎండీలో బీ450, బీ550, ఏ520, బీ650 ఏదైనా పర్లేదు. ఇంటెల్‌లోనే చిక్కు. హెచ్410, బీ460, హెచ్510, హెచ్610 బోర్డుల్లో మెమరీ ఓవర్‌క్లాక్ లేదు, ప్రాసెసర్‌కి ఒప్పుకున్న స్పీడు వరకే. అంటే హెచ్610 మీద 3600 కిట్ పెట్టినా 3200 దాటదు. బీ560, బీ660, బీ760, జెడ్ సిరీస్‌లో ఉంది. బీ660 మీద 12400 లాంటి, పేరులో కే అక్షరం లేని ప్రాసెసర్ ఉంటే ఇంకో మెలిక, వాటిలో మెమరీ కంట్రోలర్‌కి (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగం) అందే ఎస్ఏ వోల్టేజ్ లాక్ చేసి ఉంటది కాబట్టి డీడీఆర్4-3600 గేర్ 1లో చాలాసార్లు నిలబడదు. గేర్ 1 అంటే మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమానంగా నడవడం, గేర్ 2 అంటే సగం వేగంతో నడవడం. అలాంటప్పుడు 3600 గేర్ 2 కంటే 3200 గేర్ 1 నయం, అంకె తగ్గినా పని బాగుంటది. ల్యాప్‌టాప్‌లు, కంపెనీ బ్రాండ్ పీసీల్లో మాత్రం చాలావాటికి బయోస్‌లో (విండోస్ రాకముందు బోర్డు సెట్టింగ్స్ మార్చే స్క్రీన్) ఈ ఆప్షనే ఇవ్వరు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి.

బయోస్‌లోకి పోయేముందు రెండు పనులు చేయండి. ముఖ్యమైన ఫైళ్ళు బయట ఒక కాపీ పెట్టుకోండి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసేది) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసుకోండి, బయోస్ అప్‌డేట్ చేశాక ఆ కీ అడిగే ఛాన్స్ ఉంది, అప్పుడు వెతుక్కుంటే దొరకదు.

పీసీ ఆన్ చేసి డిలీట్ కీ (కొన్నిట్లో ఎఫ్2) తడుతూ ఉండండి. ఏసుస్‌లో ఏఐ ట్వీకర్ పేజీలో ఏఐ ఓవర్‌క్లాక్ ట్యూనర్ అని ఉంటది, దాన్ని ఆటో నుంచి ఎక్స్‌ఎంపీ, డీఓసీపీ, ఎక్స్‌పో ఏదుంటే దానికి మార్చండి. ఎంఎస్‌ఐలో మొదటి స్క్రీన్ పైనే ఏ-ఎక్స్‌ఎంపీ అని బటన్ కనిపిస్తది. గిగాబైట్‌లో ట్వీకర్‌లో ఎక్స్‌ట్రీమ్ మెమరీ ప్రొఫైల్, ఏఎస్‌రాక్‌లో ఓసీ ట్వీకర్‌లో లోడ్ ఎక్స్‌ఎంపీ సెట్టింగ్. ప్రొఫైల్ 1, ప్రొఫైల్ 2 అని రెండుంటే స్టిక్కర్ మీద అంకెలతో ఏది కలుస్తదో అది. ఏసుస్ ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్‌ఎంపీ 1, ఎక్స్‌ఎంపీ 2 అంటే రెండు వేరే ప్రొఫైల్స్ అనుకుంటారు, కాదు. మొదటిది ముఖ్యమైన టైమింగ్స్ మాత్రం స్టిక్ నుంచి తీసుకుని మిగతావి బోర్డు సొంతంగా పెట్టుద్ది, రెండోది స్టిక్‌లో రాసినవి ఉన్నవి ఉన్నట్టు పెట్టుద్ది. మొదటిదాంతో తేడా కొడితే రెండోది పెట్టి చూడండి.

ఆన్ చేశాక ఊరికే ఎఫ్10 కొట్టేయకండి, ఒక నిమిషం ఆగి అంకెలు చదవండి. ఫ్రీక్వెన్సీ 3200 అయిందా, టైమింగ్స్ 16-20-20-38 అయ్యాయా, డీర్యామ్ వోల్టేజ్ 1.35కి మారిందా. కొన్ని పాత బయోస్‌లలో మిగతావన్నీ మారి వోల్టేజ్ ఒక్కటి 1.2లోనే ఉండిపోవడం చూశాను, అలాగైతే చేత్తో 1.35 కొట్టండి. రైజెన్ 3000, 5000 వాళ్ళు ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాలని కలిపే దారి వేగం) కూడా చూడాలి, అది ర్యామ్ స్పీడులో సగం ఉండాలి, 3200కి 1600, 3600కి 1800. రెండూ జోడెడ్లలాగా ఒకే అడుగు వేస్తేనే లాభం, ఒకటి ముందు ఒకటి వెనక అయితే ర్యామ్ స్పీడు పెరిగినా ఆలస్యం కూడా పెరుగుద్ది.

ఎఫ్10 కొట్టి సేవ్ చేశాక స్క్రీన్ నల్లగా అయిపోద్ది, ఫ్యాన్లు తిరిగి ఆగి మళ్ళీ తిరుగుతాయి, బోర్డు మీద డీర్యామ్ అని రాసున్న చోట చిన్న లైటు వెలుగుద్ది. ఇక్కడే చాలామంది బెదిరిపోయి పవర్ బటన్ పట్టుకుంటారు. వద్దు. బోర్డు అప్పుడు ర్యామ్‌తో ఎంత వోల్టేజ్ దగ్గర, ఏ క్షణంలో మాట్లాడాలో సరిచూసుకుంటా ఉంటది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. డీడీఆర్4లో రెండు మూడు రీస్టార్ట్‌లతో అయిపోద్ది. ఏఎం5 (రైజెన్ 7000 లాంటివి కూర్చునే సాకెట్) బోర్డులో డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు పడుద్ది, ర్యామ్ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ. పది నిమిషాలు ముట్టుకోకుండా ఉండండి.

విండోస్ వచ్చింది, టాస్క్ మేనేజర్ 3200 చూపించింది. దాదాపు అందరూ ఇక్కడితో ఆపేస్తారు, నేనూ ఒకప్పుడు ఇక్కడితోనే ఆపేశా. అప్పుడు నాది రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 3600 కిట్. డిసెంబర్‌లో పెట్టాను, ఒక గంట గేమ్ ఆడి చూశా, బ్రహ్మాండంగా ఉంది. మే నెలలో మా అక్క పెళ్ళి ఫోటోలు మెమరీ కార్డు నుంచి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. రెండు వారాల తర్వాత అమ్మకి చూపిస్తుంటే తలంబ్రాల ఫోటో ఒకటి పైన సగం బానే ఉంది, కింద సగం బూడిదరంగు పట్టీ. ఇంకో నాలుగు ఫోటోలు అలాగే. అప్పటికే కార్డు ఫార్మాట్ అయిపోయింది. హార్డ్‌డిస్క్ పాడైందనుకుని అన్ని టెస్టులూ చేశాను, దానికేం లేదు. చివరికి ర్యామ్ టెస్ట్ పెడితే ఇరవై నిమిషాల్లో ఎర్రర్లు మొదలయ్యాయి. పీసీ ఒక్కసారి కూడా బ్లూ స్క్రీన్ ఇవ్వలేదు, ఒక్కసారి హ్యాంగ్ అవలేదు. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైతే పీసీకి తెలియదు, అదే తప్పుని జాగ్రత్తగా తీసుకెళ్ళి డిస్క్‌లో రాసేస్తది.

డిసెంబర్‌లో బానే ఉండి మేలో ఎందుకు చెడిందంటే వేడి. ర్యామ్ సెల్‌లో డేటా అంటే చిన్న విద్యుత్ చార్జ్, అది కారిపోతా ఉంటది, పూర్తిగా పోకముందే మళ్ళీ మళ్ళీ నింపుతా ఉండాలి. వేడి పెరిగేకొద్దీ కారడం పెరుగుద్ది. ఎండాకాలం మన దగ్గర గదిలోనే 38, 40 డిగ్రీలు ఉంటే కేస్ లోపల గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి నేరుగా ర్యామ్ మీదికే పోద్ది. అందుకే ఏసీ గదిలో చలికాలం చేసిన టెస్ట్‌ని నేను నమ్మను. చలికాలం పాసైనా ఏప్రిల్ చివర్లో ఏసీ ఆపి మళ్ళీ ఒకసారి పెట్టండి. డీడీఆర్5 స్టిక్‌లలో టెంపరేచర్ సెన్సర్ ఉంటది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో కనిపిస్తది, 55, 60 దాటుతుంటే కేస్ గాలి సంగతి చూడాలి.

టెస్ట్ ఎలా అంటే, మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి దాంట్లోంచి బూట్ చేయండి, ఫ్రీ వెర్షన్ నాలుగు పాస్‌లు తిరుగుద్ది, రాత్రి పడుకునేముందు పెడితే తెల్లారేసరికి తేలిపోద్ది. అది పాసయ్యాక విండోస్‌లో టెస్ట్‌మెమ్5 కూడా రెండు గంటలు నడపండి, మొదటిదాంట్లో దొరకనివి ఇందులో దొరుకుతాయి, నా ఎర్రర్లు దొరికింది ఇందులోనే. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. లక్ష చెక్‌లలో ఒకటే కదా అనుకోవద్దు, ఆ ఒక్కటీ ఏ ఫైల్‌లో పడుద్దో మన చేతిలో ఉండదు. టెస్ట్ పూర్తిగా పాసయ్యేదాకా పెద్ద కాపీలు, బయోస్ అప్‌డేట్లు, విండోస్ ఇన్‌స్టాల్ ఏవీ పెట్టుకోకండి. ఏఎండీ వాళ్ళు విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు నమోదు చేసేది) వార్నింగులు వస్తున్నాయేమో కూడా చూడండి, అవి ఎఫ్‌క్లాక్ ఇబ్బంది పడుతోందనడానికి గుర్తు కావచ్చు.

ఫెయిలైతే ఒకేసారి పది మార్చకండి, ఒకటి మార్చి టెస్ట్, ఇంకోటి మార్చి టెస్ట్. స్టిక్‌లు తీసి మళ్ళీ పెట్టండి, రెండు వైపులా టక్‌మని శబ్దం రావాలి. తర్వాత బోర్డు కంపెనీ సైట్ నుంచి కొత్త బయోస్, అది వేసేముందు ఎక్స్‌ఎంపీ తీసేసి, యూపీఎస్ మీద ఉన్నప్పుడే వేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. బయోస్ అప్‌డేట్‌తో మెమరీ తిక్కలు చాలా కుదురుకుంటాయి, ముఖ్యంగా ఏఎం4 (డీడీఆర్4 రైజెన్ల సాకెట్), ఏఎం5లో. దానికీ లొంగకపోతే స్పీడు ఒక మెట్టు దించండి, 3600 నుంచి 3466, అక్కడా కాకపోతే 3200, టైమింగ్స్ అవే ఉంచి. నా కిట్ 3466 దగ్గర నిలబడింది, ఎఫ్‌క్లాక్ 1733 పెట్టాను, ఆ తర్వాత మూడు ఎండాకాలాలు ఒక్క ఎర్రర్ లేదు. స్పీడు తగ్గించడం ఇష్టం లేనివాళ్ళు డీడీఆర్4 వోల్టేజ్ 1.35 నుంచి 1.38, 1.40 దాకా చూడొచ్చు, అంతకుమించి నేను ఎవరికీ చెప్పను. కమాండ్ రేట్ 1టీ ఉంటే 2టీ చేయండి, ఏఎండీలో గియర్ డౌన్ మోడ్ ఆన్‌లో ఉంచండి. అది ఆన్‌లో ఉంటే బేసి సీఎల్ పనిచేయదు, 15 పెడితే బోర్డు 16 చేసేస్తది, అది తప్పు కాదు.

అసలు పీసీ లేవకపోతే కూడా ఏం కాలేదు. చాలా బోర్డులు మూడు నాలుగుసార్లు ప్రయత్నించి వాటంతటవే పాత స్పీడుకి వచ్చేస్తాయి. రాకపోతే ప్లగ్ తీసేసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ అని రెండు పిన్‌లు ఉంటాయి, స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు ఆ రెంటినీ కలిపి పట్టుకోండి, లేదా గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలాగి పెట్టండి. ఆ బ్యాటరీ గురించి ఇంకోటి, పాత బోర్డుల్లో అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా బయోస్ మొదటికొచ్చేస్తది, తేదీ తప్పు చూపిస్తది, ర్యామ్ మళ్ళీ 2133. "ఎక్స్‌ఎంపీ దానంతటదే ఆఫ్ అవుతోంది" అనేవాళ్ళలో కొందరికి కావాల్సింది ఆ చిన్న బ్యాటరీ ఒక్కటే.

డీడీఆర్5 ఏఎం5 వాళ్ళకి రెండు మాటలు. ఎక్స్‌పో ఆన్ చేస్తే బోర్డు ఎస్‌ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి ఇచ్చేది) కూడా పెంచుద్ది. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన తర్వాత ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది, ఆ హద్దు కొత్త బయోస్‌లలోనే ఉంటది, కాబట్టి పాత బయోస్ మీద ఎక్స్‌పో ఆన్ చేయకండి, ముందు అప్‌డేట్. రెండోది, ప్రతిసారీ బూట్‌కి చాలాసేపు పడుతుంటే మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ ఆన్ చేస్తే ట్రైనింగ్ ఫలితం గుర్తుపెట్టుకుని త్వరగా లేస్తది, కాకపోతే అది ఆన్ చేశాక టెస్ట్ మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

మా తమ్ముడి పీసీలో 3200 పెట్టగానే నిలబడింది, నాలుగు పాస్‌లూ సున్నా ఎర్రర్లతో స్క్రీన్ ఫోటో పొద్దున్నే ఆరింటికి పంపాడు. వెంటనే ఇంకో ప్రశ్న, "అన్నా, ఇదే మోడల్ ఇంకో రెండు 8 జీబీలు కొని నాలుగు స్లాట్లూ నింపేయనా?" కొనొచ్చు గానీ స్టిక్కర్ ఒకటే అయినా లోపల చిప్‌లు వేరే కంపెనీవి ఉండొచ్చు, నాలుగు స్టిక్‌లంటే మెమరీ కంట్రోలర్ మీద బరువు కూడా ఎక్కువ. డీడీఆర్5లో అయితే మరీ, రైజెన్ 7000కి నాలుగు స్టిక్‌లు పెడితే ఏఎండీ ఒప్పుకునే స్పీడు 5200 నుంచి 3600కి పడిపోద్ది. వాడిది డీడీఆర్4 కాబట్టి 3200 దగ్గర చాలావరకు నడుస్తది, నడవకపోతే 2933కి దించి, రెండు కిట్‌లలో నెమ్మదైనదాని టైమింగ్స్ చేత్తో పెట్టి మళ్ళీ రాత్రి టెస్టు పెట్టమన్నా. కుదిరితే ఉన్నవి అమ్మేసి 16 జీబీవి రెండు కలిపి ఒకే డబ్బాలో వచ్చే కిట్ కొనుక్కోమన్నా, ఇప్పుడు ఉన్నవాటికి ఎంతొస్తదో కనుక్కుంటున్నాడు.